ప్రశ్నలు – జవాబులు: బడిలో రోజూ పావుగంట పరుగు

పిల్లల వ్యాయామం గురించి రాయవలసిందిగా గత సంచికలో కోరినందుకు గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు పాఠకుల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లల చేత డ్రిల్లు చేయించినవాణ్ణి. వైద్యుణ్ణి కాను. కాబట్టి వైద్యుని దగ్గరకు వెళ్లవలసిన చోట ఆ మాటే స్పష్టంగా చెబుతాను.

ప్రశ్న: మా అబ్బాయి బరంపురంలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఐదవ తరగతి చదువుతున్నాడు. వారానికి రెండు గేమ్స్ పీరియడ్లు ఉన్నాయి గాని, పరీక్షలు దగ్గర పడితే వాటిని లెక్కల టీచరుగారు తీసుకుంటారు. బడి అయిపోగానే ట్యూషన్. మేముండేది మూడో అంతస్తు. మెట్లెక్కి వచ్చేసరికి వాడికి ఆయాసం వస్తోంది. పిల్లలకు రోజూ వ్యాయామం పెట్టమని తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే, అలా చేస్తే సిలబస్ పూర్తి కాదన్నారు. నేను అడగకూడనిది అడిగానా?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, అడగవలసినదే అడిగారు. ముందుగా ఆయాసం సంగతి చూద్దాం. మెట్లెక్కినప్పుడు పిల్లికూతలు వినిపించడం, రాత్రివేళ దగ్గు, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వంటివి ఉంటే వ్యాయామం మొదలుపెట్టక ముందే పిల్లల వైద్యునికి చూపించండి. ఉబ్బసం ఉన్నదని తేలినా వ్యాయామం మానిపించనక్కరలేదు. వైద్యుడు చెప్పిన మందు వాడుతూ, ఒంటిని నెమ్మదిగా వేడెక్కించుకుని ఆడే పిల్లలు అందరితో పాటూ ఆడగలరు. ఇవేవీ లేకపోతే అది అలవాటు లేకపోవడం వల్ల వచ్చే ఆయాసం కావచ్చు. రోజూ కాస్త పరుగెత్తే పిల్లవాడి గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపడం నేర్చుకుంటుంది, కండరాలు ఆ రక్తంలోని ప్రాణవాయువును మరింత బాగా వాడుకుంటాయి, అందువల్ల అవే మెట్లు నెల తిరిగేసరికి తేలికవుతాయి.

అయిదేళ్ల నుంచి పదిహేడేళ్ల వయసు పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల పాటు ఊపిరి వేగం పెరిగేంతటి కదలిక ఉండాలని, వారంలో కనీసం 3 రోజులు కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలలో ఉంది. అదే సంస్థ 2019లో వెలువరించిన లెక్క ప్రకారం 11 నుంచి 17 ఏళ్ల వయసు పిల్లల్లో ప్రపంచం మొత్తం మీద 81 శాతం మందికి ఆ మాత్రం కదలిక లేదు. అంటే అయిదుగురిలో నలుగురు. ఆ నలుగురిలో మీ అబ్బాయి ఒకడైతే అది వాడి సోమరితనం కాదు, వాడి రోజును మనం అమర్చిన తీరు. అరవై నిమిషాలూ ఒకేసారి జరగాలన్న నియమం కూడా లేదు. బడిలో ఇరవై, సాయంత్రం వీధిలో ముప్పై, నడకలో పది కలిసినా సరిపోతుంది.

సిలబస్ పూర్తి కాదన్న మాటకు ఒక బడి కథ చెబుతాను. 2012లో స్కాట్లండులోని స్టర్లింగ్ పట్టణంలో సెయింట్ నినియన్స్ ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు ఎలైన్ వైలీ తన పిల్లలు మైదానం చుట్టూ ఒక్క చుట్టు కూడా ఆయాసం లేకుండా తిరగలేకపోతున్నారని గమనించి, రోజూ పదిహేను నిమిషాలు తరగతి మొత్తాన్ని బయటకు తీసుకువెళ్లి పరుగెత్తించడం మొదలుపెట్టారు. ప్రత్యేకమైన దుస్తులు లేవు, సామాను లేదు, పోటీ లేదు. యూనిఫారంలోనే, ఎవరి వేగాన వారు పరుగెత్తుతారు, అలసిన వారు నడుస్తారు. నాలుగు వారాలు గడిచేసరికి దాదాపు అందరూ ఆగకుండా ఒక మైలు, అంటే సుమారు 1.6 కిలోమీటర్లు, పరుగెత్తగలిగారు. ఆ పద్ధతి అక్కణ్నుంచి ఎన్నో దేశాల బడులకు పాకింది. ఈ పద్ధతి పాటించే బడినీ, పాటించని మరో బడినీ పక్కపక్కన పెట్టి చూసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. రోజూ పరుగెత్తిన పిల్లల్లో దమ్ము పెరిగినట్టు, ఒంటి కొవ్వు కొంత తగ్గినట్టు అందులో తేలింది. తేడాలు మహా పెద్దవి కావు. కానీ పదిహేను నిమిషాలకు, పైసా ఖర్చు లేకుండా అంత దక్కితే చాలదా?

ఇంకో సంగతి మన తల్లిదండ్రులు అంతగా పట్టించుకోరు. ఆరుబయట వెలుతురులో గడిపే సమయం పెరిగితే పిల్లలకు దూరపు చూపు మందగించే హ్రస్వదృష్టి రావడం తగ్గుతుంది. తైవాన్ ప్రభుత్వం 2010 నుంచి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం నడుపుతున్నది. ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చిన హ్రస్వదృష్టి ఆ తరువాత అక్కడ తగ్గుముఖం పట్టింది. కళ్లజోడు కోసం వేలు పోయడానికి వెనుదీయని మనం, ఎండపొడకు పావుగంట ఇవ్వడానికి ఎందుకు సంకోచించాలి?

ఇక మీరు చేయవలసినది చెబుతాను. తదుపరి సమావేశంలో మీరొక్కరే కాక, అదే తరగతి తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి మాట్లాడండి. గేమ్స్ పీరియడ్లు పెంచమని అడిగితే టైంటేబుల్ చూపించి కాదంటారు. అందువల్ల రెండవ పీరియడ్ తరువాత పదిహేను నిమిషాలు, తరగతి ఉపాధ్యాయురాలే, యూనిఫారంలోనే, ఒక నెల చూద్దాం అని అడగండి. నెల అనే మాట ముఖ్యం, ఎందుకంటే శాశ్వతంగా మార్చమంటే వెనకాడే ప్రధానోపాధ్యాయులు కూడా నెల రోజుల ప్రయత్నానికి ఒప్పుకోవచ్చు. పాఠం మధ్యలో కాసేపు పరుగెత్తి వచ్చిన పిల్లలు తిరిగి కూర్చున్నాక ఎక్కువ శ్రద్ధగా వింటారని నా అనుభవం. ఆ మార్పు చూశాక లెక్కల టీచరుగారే మీ పక్షాన నిలబడవచ్చు. అంతవరకు ట్యూషన్‌కు స్కూటరు మీద దింపడం మాని, దగ్గరైతే నడిపించి తీసుకువెళ్లండి.

ప్రశ్న: పర్లాకిమిడి వైపు కొండవాలులో ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. అయిదు తరగతులకు ఇద్దరం ఉపాధ్యాయులం. వ్యాయామోపాధ్యాయుడు లేరు. ఆటస్థలం అంటే బడి ముందున్న వాకిలి మాత్రమే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, ఒడియా మాట్లాడేవారు, సవర మాట్లాడేవారు కలిసి చదువుతున్నారు. రోజూ ఏం చేయించమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, గజపతి జిల్లా

జవాబు: మాస్టారూ, ఈ సంచికకు వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీదే. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో వందమందికి మించి పిల్లలుంటే ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్ టైం శిక్షకుడుండాలని కూడా అందులో ఉంది. మీది ప్రాథమిక పాఠశాల గనుక ఆ శిక్షకుని కోసం ఎదురుచూస్తే పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. మీరిద్దరే చేయించవలసి ఉంటుంది, అది సాధ్యమే.

ప్రార్థన ముగిసిన వెంటనే ఇరవై నిమిషాలు తీసుకోండి. మొదటి నాలుగు నిమిషాలు అక్కడికక్కడే నడక, చేతులు తిప్పడం, మడమలు ఎత్తి దించడం. తరువాత ఎనిమిది నిమిషాలు పరుగు, నడక. వాకిలి చిన్నది గనుక నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి వాటి చుట్టూ తిప్పండి. ఒకటి, రెండు తరగతుల వారిని లోపలి వలయంలోనూ, పెద్దవారిని బయటి వలయంలోనూ ఉంచితే గుద్దుకోరు. పిల్లవాడు పక్కవాడితో మాట్లాడగలుగుతూ పాట మాత్రం పాడలేనంతగా ఊపిరి వేగం పెరిగితే శ్రమ సరిగ్గా ఉన్నట్టు. మాట కూడా రాకపోతే నడవనివ్వండి. మిగిలిన సమయమంతా ఆట.

ఆట దగ్గర భాష అడ్డు రాదు సరికదా, అదే భాష నేర్పుతుంది. గెంతులు ఒకరోజు తెలుగులో, ఒకరోజు ఒడియాలో, ఒకరోజు సవరలో లెక్కపెట్టించండి. సవర అంకెలు చెప్పే పిల్లవాడు ఆ పూటకు మీ గురువు అవుతాడు. కుమార పూర్ణిమకు ఒడియా ఆడపిల్లలు ఆడే పుచి ఆటను మీరు చూసే ఉంటారు. గొంతు కూర్చుని, కాళ్లు మార్చి మార్చి ముందుకు చాస్తూ గెంతే ఆ ఆట తొడలకూ పిక్కలకూ ఇచ్చే బలం ఏ డ్రిల్లులోనూ రాదు. పుచి, మన తొక్కుడుబిళ్ల, ఏడు పెంకులాట, చెడుగుడు, ఖో-ఖో – వీటిని వారంలో ఒక్కో రోజుకు ఒక్కటి చొప్పున పంచండి. అయితే ఒక నియమం తప్పక పెట్టుకోండి: 'అవుట్' అయిన పిల్లవాడు గోడ పక్కన కూర్చోకూడదు. పది గెంతులు గెంతి మళ్లీ ఆటలోకి రావాలి. ఎప్పుడూ ముందుగా అవుటయ్యేది బలహీనంగా ఉన్న పిల్లవాడే, వాణ్ణి కూర్చోబెడితే ఎవరికి వ్యాయామం కావాలో వారికే అందకుండా పోతుంది.

ప్రగతిని కొలవాలనుకుంటే బడిపిల్లల దేహదారుఢ్యాన్ని కొలిచే కేంద్ర ప్రభుత్వపు ఖేలో ఇండియా పద్ధతి మీకు సరిపోతుంది. చిన్న తరగతులకు ఒంటికాలి మీద నిమిషంసేపు నిలబడే పరీక్ష ఉంది, ఎన్నిసార్లు కాలు దించారో లెక్కపెడితే చాలు. నాలుగవ తరగతి నుంచి 600 మీటర్ల పరుగు-నడక ఉంది. మూడు నెలలకోసారి చేయించి నోటుబుక్కులో రాయండి. ఎవరి అంకెను వారి పాత అంకెతోనే పోల్చండి, పైకి చదవవద్దు. బడి క్రీడాదినోత్సవంలో బహుమతులు గెలిచే పదిమంది మనం చేయించకపోయినా పరుగెత్తుతారు. మన ఇరవై నిమిషాలు మిగిలినవారి కోసం.

ఒక్క జాగ్రత్త. ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలు ఉంటారు. ప్రార్థన వేళకు నీరసంగా ఉన్నవారిని గుర్తిస్తే వారి చేత తేలికపాటివే చేయించి, పరుగును మధ్యాహ్న భోజనానికి ముందు కాక, భోజనమై గంటన్నర గడిచాక పెట్టుకోవచ్చు. ఆ భోజనం ప్రాథమిక తరగతి పిల్లవాడికి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఇవ్వాలన్నది ప్రభుత్వ ప్రమాణం; మన ఒడిశాలో గుడ్డు కూడా పెడుతున్నారు. గుడ్డు పెట్టే రోజున పిల్లలెవరూ బడి మానకుండా చూస్తే అది కూడా వ్యాయామంలో భాగమే.

ప్రశ్న: ఆలస్యంగా వచ్చిన పిల్లలను మా బడిలో గ్రౌండు చుట్టూ అయిదు రౌండ్లు తిప్పుతారు, హోంవర్కు చేయకపోతే గుంజీలు తీయిస్తారు. మా మనవడు ఏడుస్తున్నాడు. ఎలాగూ వ్యాయామమే కదా, మంచిదే అని మా అల్లుడుగారు అంటున్నారు.
– ఒక తాతగారు, జయపురం

జవాబు: మంచిది కాదండీ. శరీరాన్ని శిక్షించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. పరుగు అంటే శిక్ష అని ఎనిమిదేళ్ల వయసులో మనసుకు పట్టిన పిల్లవాడు నలభై ఏళ్లకు వైద్యుడు నడవమన్నా నడవడు. నా సహోద్యోగుల్లో కొందరు ఈ పని చేసేవారు, చిన్నతనంలో నేనూ గుంజీలు తీసినవాణ్ణే. నా తరగతుల్లో మాత్రం గుంజీళ్లను ఆటగానే చేయించాను, శిక్షగా ఒక్కసారైనా చేయించలేదు. మీ అల్లుడుగారికి ఈ జవాబు చదివి వినిపించండి, ప్రధానోపాధ్యాయులకు కూడా ఒక ఉత్తరం రాయండి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు, ఆరు నెలల కిందట రజస్వల అయింది. అప్పటినుంచి మా అమ్మగారు దానిని పరుగెత్తవద్దు, గెంతవద్దు అంటున్నారు. బడిలో పీటీ చేయించినప్పుడు మిగిలినవారికన్నా త్వరగా అలసిపోతోందట, మొహం పాలిపోయినట్టు ఉంటోంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, గుణుపురం

జవాబు: మాన్పించకండి, కానీ ఈ వారంలోనే రక్తపరీక్ష చేయించండి. మీ అమ్మగారి మాట ప్రేమతో అన్నదే గాని, నెలసరి సమయంలో పరుగెత్తితే గర్భసంచికి హాని కలుగుతుందన్నది నిజం కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న ఒకటి రెండు రోజులు అమ్మాయి ఇష్టానికి వదిలేస్తే చాలు; చాలామంది ఆడపిల్లలకు తేలికపాటి కదలికతో ఆ నొప్పి తగ్గుతుంది కూడా. పైగా ఎముకలు గట్టిపడేది ఈ వయసులోనే. గెంతడం, పరుగెత్తడం ద్వారా ఎముక మీద పడే తాకిడి వల్లనే అది దట్టమవుతుంది. ఇప్పుడు కూర్చోబెడితే ఆ నష్టం ముసలితనంలో బయటపడుతుంది.

నన్ను కలవరపెట్టింది ఆ పాలిపోవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉంది. పన్నెండేళ్ల పిల్లకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి తక్కువైనప్పుడు గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది, అందుకే త్వరగా అలసట. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు కడుపులో వికారమని పారేస్తుంటారు. అన్నం తిన్నాక వేసుకోమనండి. నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే ఐరన్ బాగా ఒంటపడుతుంది, వెంటనే టీ తాగితే పట్టదు. మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదు. ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పకుండా వేయించండి, ఎందుకంటే కొంకి పురుగులు పేగుల్లో ఉండి రక్తం తాగుతాయి.

ఇంకొక పరీక్ష పేరు కూడా చెప్పక తప్పదు. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి ప్రాంతాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉంది. దానిలో ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒళ్లు నొప్పులు, కీళ్ల నొప్పులు, తరచు కామెర్లు దాని లక్షణాలు. 2023 జూలై 1న మొదలైన జాతీయ కార్యక్రమంలో దీనికి ఉచితంగా పరీక్ష చేస్తున్నారు, మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. ఈ వ్యాధి ఉన్న పిల్లలు ఆటలకు పూర్తిగా దూరం కానక్కరలేదు. కానీ ఒళ్లు ఎండిపోయేలా శ్రమించడం, మండుటెండ, చల్లటి నీళ్లలో ఎక్కువసేపు ఈత వంటివి వారికి ప్రమాదం. మాటిమాటికీ నీళ్లు తాగాలి, అడిగిన వెంటనే విశ్రాంతి దొరకాలి, ఆ సంగతి బడిలో పీటీ చేయించేవారికి రాతపూర్వకంగా తెలిసి ఉండాలి. సికిల్ సెల్ ఉన్నవారు ఐరన్ మాత్రలను వైద్యుని మాట లేకుండా వాడకూడదు కూడా. ఫలితం ఏదైనా అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టడం మాత్రం పరిష్కారం కాదు. హిమోగ్లోబిన్ పెరిగేవరకు నడక, తేలికపాటి ఆటలు. తరువాత అందరితో సమానంగా.

ప్రశ్న: ఏప్రిల్ నెలలో కూడా వ్యాయామం చేయించవచ్చునా?
– రాయగడ

జవాబు: చేయించవచ్చు, ఉదయం ఎనిమిదింటి లోపల. ఎండాకాలంలో మన బడులు ఎలాగూ ఉదయపు వేళలకు మారుతాయి గనుక ప్రార్థనకు ముందే పూర్తి చేయాలి. పరుగు తగ్గించి నీడలో ఆటలు పెంచండి. మొదలుపెట్టే ముందు ఒక గ్లాసు, మధ్యలో మరొకటి నీళ్లు తాగించండి. ఇంటికి వెళ్లాక నీళ్లలో నానబెట్టిన ఒడియావారి పఖాళమైనా, మన తరవాణి అన్నమైనా చాలా మంచిది. తలనొప్పి, వాంతి వచ్చిన పిల్లవాణ్ణి వెంటనే నీడకు చేర్చాలి. మాట తడబడినా, స్పృహ తప్పుతున్నా ఒంటిని నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. బరంపురంలో మా వీధిలో జిమ్ ఉంది. బరువులెత్తితే పొడవు పెరగరని ఇంట్లో పంపించడం లేదు. నిజమేనా?
– తొమ్మిదవ తరగతి విద్యార్థి

జవాబు: నాయనా, అది నిజం కాదు. సరైన శిక్షకుని పర్యవేక్షణలో, తేలికపాటి బరువులతో చేసే సాధన పొడవును ఆపదు. హాని కలిగేది పంతానికి పోయి ఎత్తగలిగినంత పెద్ద బరువు ఎత్తినప్పుడు, నడుము వంచి తప్పుగా ఎత్తినప్పుడు. ఢిల్లీలో జరిగిన 2010 కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014లో గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం గెలిచిన కె. రవికుమార్ మీ ఊరివారే గనుక నీకు ఆ ఆశ కలగడం సహజం. కలియుగ భీముడని పేరుపొందిన కోడి రామ్మూర్తి నాయుడుగారు కూడా ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకోకముందు విజయనగరంలో బడిపిల్లలకు వ్యాయామం నేర్పినవారే.

కాబట్టి వరుస పాటించు. మొదటి మూడు నెలలు నీ ఒళ్లే నీ బరువు. ఎనిమిది దండీలు, పదిహేను బస్కీలు, ఇరవై సెకన్లు చేతుల మీద కడ్డీకి వేలాడడం, ఇవి రోజు విడిచి రోజు మూడు విడతలు. మిగిలిన రోజుల్లో పరుగు. ఆ తరువాత మీ నాన్నగారిని వెంటబెట్టుకుని జిమ్‌కు వెళ్లి, పిల్లలకు నేర్పిన అనుభవమున్న శిక్షకుడు ఉన్నాడో లేడో కనుక్కో. పన్నెండు సార్లు సునాయాసంగా ఎత్తలేని బరువును ముట్టుకోవద్దు. ప్రొటీన్ పొడి డబ్బాలు కొనవద్దు. పప్పు, గుడ్లు, చేపలు, వేరుశనగలు, పాలు నీ వయసుకు చాలు.

ప్రశ్న: అపార్టుమెంటులో ఉంటున్నాం, ఆడుకోవడానికి చోటు లేదు. ఏడేళ్ల మనవరాలికి తాడాట నేర్పాలని ఉంది. ఎంత పొడవు తాడు కొనాలి?
– ఒక అమ్మమ్మగారు, పర్లాకిమిడి

జవాబు: తాడు మధ్యలో అమ్మాయి రెండు కాళ్లతో తొక్కి నిలబడినప్పుడు రెండు కొసలూ చంకల దాకా రావాలి, అంతకన్నా పొడవుంటే కాళ్లకు చుట్టుకుంటుంది. పిల్ల ఎదుగుతుంది గనుక కాస్త ఎక్కువ పొడవు కొని, కొసలకు ముడివేసి వాడండి. గచ్చు మీద కాక డాబా మీద చాప పరిచి గెంతించండి. మొదటి వారం తాడు తిప్పకుండా, నేల మీద పెట్టి ఇటూ అటూ గెంతడమే నేర్పండి.